ఆకాశంలో మన పొరుగువారు

సికింద్రాబాదు నుంచి ఉత్తరంగా రెండు పెద్ద దారులు బయలుదేరుతాయి. ఒకటి తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరి, అక్కడి నుంచి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి. రెండవది కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరి, తూప్రాన్, కామారెడ్డిల వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి. మొదటి దారి పక్కనే హకీంపేట వైమానిక కేంద్రం ఉంది. రెండవ దారికి పడమరగా దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న పల్లెలు, కాలనీలు, మసీదులు, చెరువులు అన్నిటి మీదా పనిదినాల్లో ఉదయం నుంచీ శిక్షణ విమానాలు తిరుగుతూనే ఉంటాయి.

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన పిల్లలకు విమానం వింత కాదు. ఆ శబ్దంలోనే పాఠం చదువుతారు, ఆ శబ్దంలోనే నిద్రపోతారు. అందువల్లనే కాబోలు, తలెత్తి చూడటం మానేశారు. దివ్య ఖుర్ఆన్‌లోని ముల్క్, నహ్ల్ సూరాలు రెండూ ఆకాశంలో ఎగిరే పక్షులను చూసి ఆలోచించమని మానవుణ్ణి పిలుస్తాయి. చూడటం, చూసినదాన్ని గురించి ఆలోచించడం కూడా ఆరాధనలో భాగమేనని మేము విద్యార్థులకు బోధిస్తాము. బోధించిన దాన్ని ఆచరణలో పెట్టే ఉద్దేశంతో గత శీతాకాలంలో ఒక శుక్రవారం పన్నెండుమంది విద్యార్థులను, సహ ఉపాధ్యాయుడొకరిని వెంటబెట్టుకొని ఈ రెండు దారుల మీద ప్రయాణం చేశాము. శుక్రవారం మదరసాకు సెలవు, వైమానిక దళానికి పనిదినం. జుమా వేళకు ముందు మూడు నాలుగు గంటలు మా చేతిలో ఉన్నాయి.

హకీంపేట దాటి శామీర్‌పేటకు

బయలుదేరక ముందే పిల్లలకు మూడు మాటలు చెప్పాము. వైమానిక కేంద్రం ప్రహరీ దగ్గర ఆగకూడదు. ఫోటో గానీ వీడియో గానీ తీయకూడదు. కాపలా సిపాయి ఏమైనా అడిగితే సూటిగా, మర్యాదగా సమాధానం చెప్పాలి. సైనిక స్థావరాల ఛాయాచిత్రాలు తీయటం చట్టరీత్యా నిషిద్ధం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. గోడ మీద అతికించిన హెచ్చరిక పలకలు అలంకారానికి పెట్టినవి కావు. టోపీ పెట్టుకున్న కుర్రవాడు సైనిక స్థావరం దగ్గర ఫోను పైకెత్తితే ఆ చేష్ట ఎక్కడికి దారి తీయగలదో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. ఫోన్లన్నీ మదరసాలోనే వదిలి బయలుదేరాము. కళ్ళకు మాత్రం ఏ నిషేధమూ లేదు.

బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. దక్షిణాది విడిదికి వచ్చే రాష్ట్రపతి విమానం హకీంపేటలోనే దిగుతుంది. ఆ గోడలను దాటుకొని నేరుగా శామీర్‌పేట చెరువు కట్టకు చేరాము. కట్ట మీద నిలబడితే నైరుతి దిక్కున హకీంపేట నుంచి లేచే విమానాలు విశాలమైన ఆకాశంలో స్పష్టంగా కనిపిస్తాయి. చలికాలపు ఎండ, నీటి మీద కొంగలు, ఆపైన గద్దలు, గద్దలకు పైన విమానాలు.

మొదట వినిపించింది హెలికాప్టర్. ముందు భాగమంతా గాజు బుడగలా ఉండి, పైన మూడు రెక్కలు తిరుగుతూ ఉంటే అది చేతక్. హెలికాప్టర్ చోదకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల హకీంపేటలోనే ఉంది. ఆ తరువాత ఈల వేసినట్లు శబ్దం చేస్తూ ఒక జెట్ విమానం వచ్చింది. నిటారైన రెక్కలు, ముందు భాగం కాస్త వెడల్పు. అది కిరణ్. బెంగుళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించిన ఈ విమానం మొదటిసారి ఎగిరింది 1964 సెప్టెంబరులో. ఇందులో గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. ఆ మాట వినగానే పిల్లలకు నవ్వొచ్చింది. “మన హిఫ్జ్ తరగతిలో లాగానా హజ్రత్?” అని అడిగాడొకడు. అవును, అచ్చం అలాగే. తప్పు దొర్లిన క్షణంలోనే దిద్దాలంటే ఉస్తాదు పక్కనే ఉండాలి.

ఈ ఆకాశంలో కిరణ్‌తో పాటు ఒకప్పుడు ఇస్క్రా అనే విమానాలు కూడా ఎగిరేవి. 1975లో పోలండు దేశం నుంచి 50 ఇస్క్రాలు వచ్చాయి. ఇస్క్రా అంటే ఆ భాషలో నిప్పురవ్వ. దాదాపు మూడు దశాబ్దాలు పైలట్లను తయారుచేసి, 2004 డిసెంబరులో అవి సెలవు తీసుకున్నాయి. అల్వాల్, బొల్లారం పెద్దలలో కొందరికి ఆ శబ్దం ఇంకా జ్ఞాపకం ఉండవచ్చు.

ఒకే విమానం పదే పదే వచ్చి, నేలను తాకీ తాకగానే మళ్ళీ ఎందుకు లేస్తుందని ఒక విద్యార్థి అడిగాడు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. లేచిన తరువాత చతురస్రంలా చుట్టు తిరిగి వచ్చి, చక్రాలు ఆనించి, ఆగకుండా మళ్ళీ లేస్తుంది. విమానయానంలో దిగటమే కష్టమైన పాఠం. మనం తజ్వీద్ పాఠంలో ఒకే అక్షరాన్ని నూరుసార్లు పలికిస్తాము. వారు ఒకే దిగుడును నూరుసార్లు చేయిస్తారు.

రన్‌వేల నంబర్ల సంగతి కూడా చెప్పాము. రన్‌వే ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ డిగ్రీలలో చివరి సున్నా తీసేస్తే వచ్చేదే దాని నంబరు. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే తూర్పు 90 డిగ్రీలు, పడమర 270. శంషాబాదు విమానాశ్రయంలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నందున ఒక కొసన 09, రెండవ కొసన 27 అని ఉంటుంది. హైదరాబాదు నుంచి ఖిబ్లా దిక్కు సుమారు 283 డిగ్రీలు, అంటే పడమరకు కాస్త ఉత్తరంగా. సరిగ్గా ఖిబ్లా వైపు తిరిగిన రన్‌వే ఒకటి ఇక్కడ ఉంటే దాని నంబరు 28 అవుతుంది. ఈ లెక్క పిల్లలు తామే వేసి తేల్చారు. ఆ రోజు వారికి అన్నిటికన్నా ఎక్కువ ఆనందం కలిగించింది ఇదే.

మేడ్చల్ వైపు

శామీర్‌పేట నుంచి ఔటర్ రింగు రోడ్డు పక్కదారిన మేడ్చల్ వైపు సాగాము. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనివి. ఆ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అదే తేదీకి ఇక్కడ మరొక చరిత్ర ఉంది. 1967 అక్టోబరు 11న దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేసిన చేతులు డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారివి. 1897లో హైదరాబాదులో పుట్టి, జామియా మిల్లియా ఇస్లామియాను పెంచి పెద్ద చేసిన విద్యావేత్త. దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి. పదవి చేపట్టిన అయిదు నెలలకే తాను పుట్టిన నగరం పొలిమేరలో మరో విద్యాలయానికి పునాది వేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ సాగుతోంది.

మేడ్చల్ దాటి, అకాడమీకి చాలా దూరంగా, పొలాల మధ్య ఒక వేపచెట్టు కింద కూర్చున్నాము. ఇక్కడి ఆకాశం పిలాటస్ విమానాలది. ముక్కు మీద ప్రొపెల్లరు, ఎరుపు తెలుపు రంగులు, ముందు వెనుకలుగా రెండు సీట్లు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో పాత దీపక్ శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షకులు మరణించిన తరువాత ఆ రకం విమానాలన్నిటినీ నిలిపివేశారు. వాటి స్థానంలో స్విట్జర్లాండ్ నుంచి 75 పిలాటస్‌లు కొన్నారు. 2013 నుంచి ఇవే కొత్త విద్యార్థుల మొదటి వాహనాలు. వీటి మీద మొదటి మెట్టు ఎక్కినవారిలో కొందరు హకీంపేటకు, అక్కడి నుంచి హాక్ జెట్ల కోసం బీదరుకు వెళతారు. కొందరు హెలికాప్టర్లకు, కొందరు రవాణా విమానాల కోసం బెంగుళూరు దగ్గరి యలహంకకు వెళతారు.

ఏటా జూన్‌లోనూ డిసెంబరులోనూ దుండిగల్‌లో కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ జరుగుతుంది. పేరుకు తగ్గట్టు అది ఉమ్మడి వేడుక. వాయుసేనలోని అన్ని శాఖల కేడెట్లతో పాటు నౌకాదళం, తీరరక్షక దళాల యువకులు, వియత్నాం వంటి మిత్రదేశాల నుంచి వచ్చినవారు కూడా ఇక్కడే శిక్షణ పొంది రెక్కల చిహ్నం అందుకుంటారు. పరదేశాల యుద్ధవిమానాలు దిగివచ్చే భారీ విన్యాసాలు మన ప్రాంతంలో జరగవు. 2024 ఆగస్టులో జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్ దళాలు పాల్గొన్న ‘తరంగ్ శక్తి’ తమిళనాడులోని సూలూరులో జరిగింది. మన వాటాకు వచ్చింది విద్యార్థుల ఆకాశం. పరేడ్‌కు ముందు రోజుల్లో విమానాలు బారులు తీరి అభ్యాసం చేస్తాయి. మేము వెళ్ళింది అలాంటి వారంలోనే. మూడేసి విమానాలు బాణపు మొన ఆకారంలో మా తలల మీదుగా సాగిపోయాయి. జమాఅత్ సఫ్‌లో లాగా ఎవరూ ముందుకు జరగలేదు, ఎవరూ వెనుకబడలేదు. ఇటువంటి దృశ్యాన్ని కుటుంబంతో చూడాలనుకునేవారు బహిరంగ ప్రదర్శనల కోసం వేచి ఉండటం మంచిది. 2024 డిసెంబరు 8న సూర్యకిరణ్ బృందం తొమ్మిది హాక్ విమానాలతో హుస్సేన్‌సాగర్ మీద చేసిన ప్రదర్శనను వేలాదిమంది ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూశారు. ఆ రోజు ఎవరి ఫోనునూ ఎవరూ అడ్డుకోలేదు.

ఎగరాలన్న కోరిక

మానవుడు ఎగరాలనుకోవటం కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దంలో ఖుర్తుబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు ఈకలు కట్టుకొని ఎత్తు నుంచి దూకి కొంతదూరం తేలాడని అల్‌మక్కరీ అనే చరిత్రకారుడు రాశాడు. దిగేటప్పుడు నడుముకు దెబ్బ తగిలింది. పక్షి దిగేటప్పుడు తోకను వాడుకుంటుంది, ఆయన తోక అమర్చుకోలేదు అని ఆ కథనం చెబుతుంది. కథ విన్న పిల్లలు వెంటనే పైనున్న పిలాటస్ తోక వైపు చూశారు.

“మనవాళ్ళు కూడా ఇందులో చేరతారా హజ్రత్?” అని అడిగాడు ఒక చిన్నవాడు. మేము ఆలోచించి చెప్పవలసిన ప్రశ్న అది. ముస్లిం ఇళ్ళలో పిల్లలు ఈ ప్రశ్నను చాలాసార్లు లోపలే మింగేస్తారు. జవాబు చరిత్రలో ఉంది. 1923లో హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ పద్దెనిమిదేళ్ళ వయసులో వాయుసేనలో చేరారు. దేశ విభజన వేళ తోటి మిత్రులు పాకిస్తాన్ రమ్మని పిలిచినా వెళ్ళలేదు. 1978 నుంచి 1981 వరకు భారత వాయుసేన అధిపతిగా పనిచేశారు. తరువాత మహారాష్ట్రకు గవర్నరు అయ్యారు. 2018లో తాను పుట్టిన హైదరాబాదులోనే కన్నుమూశారు. 2016 జూన్‌లో ఇదే దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా రెక్కలు అందుకున్నారు. గోడ ఎత్తుగానే ఉంటుంది. కానీ గేటుకు తాళం వేసి లేదు. చదువు, ఆరోగ్యం, పరీక్ష అనే మూడు తాళంచెవులు చేతిలో ఉంటే అది తెరుచుకుంటుంది. ఈ మాట పిల్లలతో అనవలసినవారు వారి తల్లిదండ్రులు.

ఇవి ఆయుధాలు మోయటానికి సిద్ధమయ్యే చేతులన్న సంగతి మేము మరువలేదు. గాజాలోని పిల్లలకు తలమీది విమానం శబ్దం అంటే ఏమిటో మనమంతా కన్నీళ్ళతో చూశాము. అక్కడ ఆ శబ్దానికి తల్లి బిడ్డను గుండెకు హత్తుకొని నేలకు వంగుతుంది. ఇక్కడ మన బిడ్డలు ఆ శబ్దంలోనే ఆడుకుంటున్నారు. ఈ నిర్భయత ఎంత గొప్ప అనుగ్రహమో తలచుకొని అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పాలి, అది కరువైన వారికోసం దుఆ చేయాలి. శక్తి ఎవరి చేతిలో ఉన్నా అది న్యాయానికి లోబడి ఉండాలని కోరుకోవాలి.

పొరుగువారి హక్కు

అప్పటివరకు మౌనంగా ఉన్న తూప్రాన్ వైపు విద్యార్థి ఒకడు అప్పుడు నోరు విప్పాడు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన ఒక పిలాటస్ విమానం తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర కూలిపోయింది. శిక్షకుడు, కేడెట్ ఇద్దరూ మరణించారు. “ఆ పొద్దు మా నాన్న పొలంలోనే ఉన్నాడు హజ్రత్. శబ్దం విని ఉరికారట. మంట ఎక్కువై దగ్గరికి పోలేకపోయారట.” ఇంతే చెప్పాడు. మిగతా పిల్లలు తలెత్తి చూశారు. అంతవరకు వారికి కనిపించింది విమానం. ఇప్పుడు లోపల కూర్చున్న మనిషి కనిపించాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు, ఎక్కడో ఒక ఇంట్లో అతని ఫోను కోసం ఎదురుచూసే తల్లి.

ఆ మనిషి మన పొరుగువాడు. పొరుగువారి హక్కు గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా నొక్కి చెప్పారంటే, పొరుగువారికి ఆస్తిలో కూడా వాటా వస్తుందేమోనని మహాప్రవక్త (స) భావించారని హదీసుల ద్వారా మనకు తెలుసు. గోడ పక్కన ఉన్నవారే పొరుగువారని, తలమీద ఉన్నవారు కారని ఎవరు చెప్పగలరు? ఈ పొరుగువారి విషయంలో మేడ్చల్, శామీర్‌పేట, అల్వాల్, తూంకుంటల ముస్లిం కుటుంబాల మీద ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. అది ఖుర్బానీ రోజులకు, మాంసం దుకాణాలకు, వలీమా విందులకు సంబంధించినది.

చెరువు కట్ట మీద మేము చూసిన గద్దలు ఊరికే తిరగటం లేదు. కట్ట దిగువన ఎవరో పారేసిన కోళ్ళ వ్యర్థాల సంచులను కుక్కలు చింపి పెట్టాయి, గద్దలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి మీద గద్ద రెక్క ఆడించకుండానే ఎత్తుకు చేరుతుంది. విమానాలు శిక్షణ పొందే వేళ కూడా అదే. గద్ద బరువు కిలో కూడా ఉండదు. కానీ విమానం గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతూ ముప్పావు కిలో గద్దను ఢీకొంటే ఆ దెబ్బ, యాభై కిలోల బియ్యం బస్తా అయిదు మీటర్ల పైనుంచి పడిన దెబ్బతో సమానం. పిలాటస్‌కు ఒకటే ఇంజను. కిరణ్‌కూ ఒకటే ఇంజను. జెట్ ఇంజనులోకి పక్షి దూరితే అది ఆగిపోవచ్చు. ఆ క్షణంలో చక్రం పట్టుకున్నది ఇంకా నేర్చుకుంటున్న చేయి.

అందుకే చట్టం కూడా ఉంది. 1937 నాటి విమాన నియమాలలో 91వ నియమం ప్రకారం విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో అనుమతి, తగిన ఏర్పాట్లు లేకుండా జంతువులను కోయటం, చర్మం ఒలవటం, పక్షులను ఆకర్షించే చెత్త పారవేయటం నిషిద్ధం. విమానాశ్రయం పౌరులదా, సైన్యానిదా అన్న తేడా గద్దకు తెలియదు. శామీర్‌పేట నుంచి హకీంపేటకు, మేడ్చల్ నుంచి దుండిగల్‌కు గద్ద ఎగిరే దూరం పది కిలోమీటర్ల లోపే. అంటే ఈ ఊళ్ళలోని మన వాకిళ్ళన్నీ ఆ వలయంలోనే ఉన్నాయి.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. ఖుర్బానీని ఏర్పాట్లు ఉన్న చోటనే ఇవ్వాలి. పేగులు, చర్మం, ఎముకలు సంచిలో కట్టి, పురపాలక సిబ్బందికే అప్పగించాలి. బక్రీదు రోజుల్లో వారు అందుకోసం సంచులు ఇస్తారు, బండ్లు పంపుతారు. బండి వచ్చేవరకు సంచిని కుక్కలకు, గద్దలకు అందకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. చెరువు కట్ట, ఖాళీ ప్లాటు, రింగు రోడ్డు పక్క కందకం చెత్తకుండీలు కావు. విందు చేసిన ఇంటివారు మిగిలిన ఎముకల బాధ్యతను వంటమనిషికి వదిలి ఊరుకోకూడదు. మాంసం దుకాణం నడిపే సోదరులు రోజువారీ వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయో తామే స్వయంగా చూసుకోవాలి. మసీదు కమిటీలు బక్రీదుకు ముందు జుమా రోజున నమాజు వేళల ప్రకటనతో పాటు ఈ ప్రకటన కూడా చేయాలి. శుభ్రత ఈమాన్‌లో భాగమని నేర్చుకున్న మనం ఈ పనిని ఎవరో అడిగిన తరువాత చేయటం శోభించదు. దారిలోని హానికర వస్తువును తొలగించటం విశ్వాసపు శాఖలలో ఒకటి. ఆకాశం కూడా ఒక దారే.

జుమా వేళ సమీపించటంతో మేడ్చల్‌లోని ఒక మసీదుకు చేరాము. వుజూ చేస్తున్నప్పుడు పైన మళ్ళీ ప్రొపెల్లరు శబ్దం వినిపించింది. నమాజు తరువాత పిల్లలు తమ తల్లిదండ్రుల కోసం, ఉస్తాదుల కోసం దుఆ చేశారు. ఆ పైవాడి కోసం కూడా చేయవచ్చా అని చిన్నవాడు అడిగాడు. “తప్పకుండా బేటా, క్షేమంగా దిగాలని చేయి” అన్నాము. చేతులు ఎత్తాడు. వచ్చే బక్రీదుకు ఆ చేతులతోనే మూత ఉన్న డబ్బా పట్టుకొని వీధి వీధి తిరిగి వ్యర్థాలు సేకరించే పనిలో మా విద్యార్థులు కూడా ఉంటారు. పాఠకులు తమ తమ ఊళ్ళలో ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాము. గాలిలో ఉన్నవారిని, నేల మీద ఉన్నవారిని అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.